ఊదా రంగు రాని ట్యూబు

నాకు కుదురు లేదు. చిన్నప్పుడు మా అమ్మ అనేది, ఇప్పుడు మా ఆయన అంటున్నాడు. రిటైరైన మనిషి పొద్దున పేపరు చదువుకోవాలి, మధ్యాహ్నం కునుకు తీయాలి, సాయంత్రం పార్కులో బెంచీ మీద కూర్చోవాలి అని ఆయన లెక్క. నేనేమో అశోక్‌నగర్‌లో మా మెట్లు దిగి చిక్కడపల్లి మార్కెట్‌కని బయల్దేరి, కూరల సంచి చేత్తో పట్టుకునే నారాయణగూడ చౌరస్తా దాకా పోయి వస్తాను. దారిలో కొత్తగా ఏ ల్యాబ్ బోర్డు కనబడ్డా ఆగి, అద్దంలోంచి లోపలికి తొంగి చూస్తాను. ఎన్నో ఏళ్ళు రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసిన కళ్ళు మరి, ఊరికే ఉండవు.

ఈమధ్య అట్లాంటి ఒక ల్యాబ్‌లోకి వెళ్ళనే వెళ్ళాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి రక్తం ట్యూబుల మీద బార్‌కోడ్ స్టిక్కర్లు అంటిస్తోంది. ట్యూబు చుట్టూ తిప్పి, ఇసుమంత గాజు కూడా కనబడకుండా అంటిస్తోంది. నాకు ఒళ్ళు మండింది. "ఇట్లా మూసేస్తే లోపల సీరం ఎట్లా కనబడుతుందమ్మా?" అన్నాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "మనకెందుకు ఆంటీ, మిషన్ చూసుకుంటది" అంది.

ఇంటికొచ్చి కూరగాయలు ఫ్రిజ్‌లో కూడా పెట్టకుండా ఇది రాయడానికి కూర్చున్నాను. ఆ అమ్మాయి మీద కోపంతో కాదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే మీకు కూడా ఎవరూ చెప్పరేమోనని బెంగ.

చేసిన పని

మా బంధువుల్లో సగం మంది ఇప్పటికీ నన్ను నర్సు అనుకుంటారు. సూది గుచ్చడం మా పనిలో చిన్న ముక్క. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది.

నేను ఎక్కువకాలం చేసిన పరీక్షల్లో ఒకటి సెరులోప్లాస్మిన్. పేరు చూసి భయపడకండి. రక్తంలో రాగిని మోసుకు తిరిగే ప్రోటీన్ అది. కొందరికి పుట్టుకతోనే ఒక లోపం ఉంటుంది. తిండితో వచ్చిన రాగిని లివరు ఈ ప్రోటీన్‌కు సరిగా ఎక్కించలేదు, బయటికీ పంపలేదు. ఆ రాగి లివరులో, మెదడులో పేరుకుపోతుంది. దాన్నే విల్సన్ జబ్బు అంటారు. ముందే కనిపెడితే మందులతో బతుకంతా మామూలుగా గడిచిపోతుంది. కనిపెట్టకపోతే మనిషి కళ్ళముందే పాడైపోతాడు. రక్తంలో ఈ ప్రోటీన్ తక్కువగా ఉంటే డాక్టర్లకు అనుమానం వస్తుంది. అందుకే మా పరీక్ష.

దాన్ని పట్టేది యాంటీబాడీ. ఎక్కడో ఒక మేకకు ఈ మనిషి ప్రోటీన్ ఎక్కిస్తారు. మేక ఒంట్లో దాన్ని గుర్తుపట్టి పట్టుకునే యాంటీబాడీలు పుడతాయి. వాటిని వడగట్టి సీసాల్లో పోసి మాకు పంపేవారు. నేను చేరిన కొత్తలో అగర్ అనే సముద్రపు నాచు పొడిని జావలా కాచి, అందులో ఆ యాంటీబాడీ కలిపి, గాజు పలక మీద పోసేవాళ్ళం. వేడిగా ఉండగా కలిపితే యాంటీబాడీ ఉడికిపోతుంది, మరీ చల్లారితే జావ గడ్డలు కడుతుంది. పసిపిల్లల పాలసీసా చూసినట్టు మణికట్టు మీద ఆనించి చూసుకునేవాళ్ళం. గడ్డకట్టిన పలకకు చిన్న గుంటలు పొడిచి, అందులో సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేరే పసుపు నీరు, ఒక చుక్క వేసి వదిలేస్తే గుంట చుట్టూ తెల్లటి వలయం వచ్చేది. వలయం పెద్దదైతే ప్రోటీన్ ఎక్కువ, చిన్నదైతే తక్కువ. ఆ వలయం కోసం ఎదురుచూసిన రోజుల్లో నాకు అన్నం కూడా సయించేది కాదు. తర్వాత మిషన్ వచ్చింది. అది కాఫీ తాగేలోపు నంబర్ ఇచ్చేస్తుంది.

వామనరావు గారు

మా ల్యాబ్ ఓనరు, మా బాసు డాక్టర్ వామనరావు గారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. తిట్టడం మొదలుపెడితే నారాయణగూడ చౌరస్తాలో బస్సు దిగిన వాళ్ళకు కూడా వినబడేది. కానీ చెప్పడంలో ఆయన్ను మించినవారు లేరు. పొద్దున్నే ర్యాకు నిండా ట్యూబులు పెట్టుకుని, ఒక్కొక్కటీ కిటికీ వెలుతురులో పట్టి చూపించేవారు. ఎర్రగా ఉంటే కణాలు పగిలాయి, పాలలా ఉంటే మనిషి బాగా నూనె తిని వచ్చాడు, ముదురు పసుపైతే కామెర్లు. కొన్ని మాత్రం లేత ఆకుపచ్చగా మెరిసేవి. అవి నిండు గర్భిణులవి. కడుపుతో ఉన్నప్పుడు ఈ రాగి ప్రోటీన్ బాగా పెరుగుతుంది, రాగి నిండిన ఆ ప్రోటీన్ నీలి రంగు సీరం పసుపులో కలిసి అట్లా కనబడుతుంది.

"కొత్త పిల్లా, ఇది గుర్తుపెట్టుకో" అని ఒకరోజు నాతో అన్నారు. "యాంటీబాడీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లెక్క. మనిషి మొఖం గుర్తువడ్తడు. చేతిల సంచిల ఏమున్నదో చూడడు. ప్రోటీన్ ఉన్నదా అంటే ఉన్నదంటడు. దాంట్ల రాగి ఉన్నదా అంటే వానికేం ఎర్క?"

సంచి చూడటానికి ఇంకో పరీక్ష ఉండేది. రాగి నిండిన ప్రోటీన్‌కు ఒక రసాయనం కలిపితే ఊదా రంగు తిరుగుతుంది. రాగి లేకపోతే తిరగదు. మిషన్ వచ్చాక ఆయనే ఆ పరీక్ష మాన్పించేశారు. టైము పడుతుంది, చేతులు నల్లబడతాయి, డాక్టర్లెవరూ అడగడం లేదు అన్నారు. అన్నీ నిజమే. అయినా ఆ రసాయనం డబ్బా పారేయడానికి నాకు చేతులు రాలేదు. చీకటి అలమారలో వెనక్కి నెట్టి పెట్టాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒక ఎండాకాలం యాంటీబాడీ పార్సిల్ వచ్చింది. విప్పితే లోపలి ఐసు ప్యాకెట్లు వేడినీళ్ళ సంచుల్లా ఉన్నాయి. నేను సంతకం పెట్టకుండా తిప్పి పంపించాను. కొత్త పార్సిల్ వచ్చేదాకా పరీక్ష ఆగింది. మాకు రోజూ పేషెంట్లను పంపే ఒక డాక్టరు కోపమొచ్చి వేరే ల్యాబ్‌కు మారిపోయాడు. వామనరావు గారు చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నాది మొండితనమని ల్యాబ్‌లో పేరు పడిపోయింది. నేను చెప్పబోయే మణెమ్మ మా ల్యాబ్ మెట్లెక్కింది ఆ కోపం ఇంకా చల్లారకముందే.

కురుమయ్య చెల్లెలు

కురుమయ్యది మహబూబ్‌నగర్ వైపు. అడిక్‌మెట్‌లో కట్టే అపార్ట్‌మెంట్ల దగ్గర సెంట్రింగ్ పని. బలమైన మనిషి, ఉన్నట్టుండి చేతులు వణకడం మొదలైంది, మాట ముద్దగా వచ్చేది. పొద్దున్నే తాగి వస్తున్నాడని మేస్త్రీ పనిలోంచి తీసేశాడు. మా దగ్గర రక్తమిస్తూ అతను అన్న మాట నాకింకా చెవిలోనే ఉంది. ముక్కలు ముక్కలుగా, కష్టపడి అన్నాడు. "నేను... తాగలే మేడం. ఒట్టు."

అతని పరీక్షలో తిరకాసేమీ లేదు. మిషన్ నంబర్ అడుగంటింది, నరాల డాక్టరు విల్సన్ జబ్బని తేల్చి మందులు మొదలుపెట్టాడు. ఇది ఇంట్లో ఒకరికి వస్తే తోడబుట్టినవాళ్ళకూ చూడాలి. అట్లా వచ్చింది అతని చెల్లెలు మణెమ్మ, తన అత్తగారు ఎల్లమ్మను వెంటబెట్టుకుని. మణెమ్మకు పైకి ఏ బాధా లేదు. డాక్టరు రక్తపరీక్షలతో పాటు ఛాతీ ఎక్స్‌రే కూడా రాశాడు.

సూది గుచ్చేముందు నేను అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను. "కడుపుతో ఏమైనా ఉన్నావా?"

మణెమ్మ నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "లే లే. గట్లాంటిదేం లే."

సరేనని రక్తం తీశాను. సాయంత్రానికి నంబర్ వచ్చింది. కింది గీతకు కాస్త పైన, నార్మల్. అమ్మయ్య, అన్నకుంది గానీ చెల్లెలికి లేదు అనుకుని రిపోర్టును సంతకానికి పంపే దొంతరలో పెట్టాను.

ఎక్స్‌రే గది

బ్యాగు సర్దుకుని వెళ్ళబోతుంటే కౌంటర్లో మా విజయ ఎవరినో తిడుతోంది.

"ఎవరినే?" అన్నాను.

"పొద్దుగాల వచ్చిన అడిక్‌మెట్ పిల్ల లేదా మేడం, ఎక్స్‌రేకు పేరు రాయించుకున్నది. పిలిస్తే పలకది. మళ్ల పిలిస్తే బాత్రూమ్‌ల ఉన్ననన్నది. మూడోసారి చూస్తే అత్త చెయ్యి పట్టుకొని మెట్లు దిగి ఉరుకుతున్నది. ఎక్స్‌రే ఏమన్న కరుస్తదా?"

బ్యాగు బల్ల మీద పెట్టేశాను. రక్తానికి చెయ్యి చాపిన మనిషి ఎక్స్‌రేకు ఎందుకు పరిగెత్తింది? ఎక్స్‌రే గదిలోకి వెళ్ళకుండా తప్పించుకునే ఆడవాళ్ళు నాకు ఒక్కరకమే తెలుసు.

లోపలికి పోయి ఆమె ట్యూబు తీసి లైటుకు పట్టాను. మామూలు పసుపు. ఆకుపచ్చ లేదు. నెలలు నిండకుండా ఆ రంగు రాకపోవచ్చు కాబట్టి దానిమీద ఏదీ తేల్చలేం. కానీ నంబర్ సంగతి వేరు. నిజంగా కడుపుతో ఉంటే ఈ పాటికి అది పైకి లేస్తూ ఉండాలి. కింది గీతను పట్టుకుని వేలాడుతోందంటే, మామూలప్పుడు ఇంకెంత కింద ఉండేదో? పైగా ఆ ఉన్నదాంట్లో రాగి ఉందో, ఖాళీదో?

అలమారలోంచి పాత డబ్బా తీశాను. రసాయనం పాతబడి ఉంటే మోసం చేస్తుంది కదా, అందుకని విజయతో నా రక్తం కూడా తీయించి పక్కన పెట్టాను. నా ట్యూబు వంకాయ రంగులోకి తిరిగింది. మణెమ్మది నీళ్ళలో సిరా చుక్క కలిపినంత కూడా తిరగలేదు. ఇంకాసేపు చూశాను. అంతే.

ఇక్కడ మీరొకటి అడుగుతారు. ఆ సీరంలోనే గర్భపరీక్ష చేసేస్తే పోయేది కదా అని. చేయొచ్చు, నిమిషాల పని. కానీ ఆమె అడగని పరీక్ష, వద్దనుకున్న పరీక్ష ఆమెకు చెప్పకుండా చేయడం దొంగతనం. రక్తం ట్యూబులోకి వచ్చాక కూడా ఆమెదే.

పొద్దున్నే రెండు ట్యూబులూ పట్టుకుని వామనరావు గారి గదిలోకి పోయాను.

"ఈ రిపోర్టు ఆపుదాం సార్."

"నార్మల్ ఉన్నది. ఏం ఆపాలె?"

"ఆ పిల్ల కడుపుతో ఉందని నా అనుమానం. ఊదా రంగు కూడా రాలేదు, చూడండి."

"మళ్ల షురూ జేసినవా?" ఆయన గొంతు లేచింది. "మొన్న ఐసు కరిగిందని డాక్టర్‌ను పోగొట్టినవ్. ఇయ్యాల అనుమానమని ఇంకో డాక్టర్‌ను పోగొడ్తవా? మనం నంబర్ ఇస్తం సుగుణా, జాతకం చెప్పం. జర పరేషాన్ చెయ్యకు నన్ను."

నాకూ కోపం వచ్చింది. "వాచ్‌మన్ సంచి చూడడని చెప్పింది మీరే కదా సార్!"

ఆయన రెండు ట్యూబులూ తీసుకుని కిటికీ దగ్గరికి పోయారు, కొత్తలో నాకు చూపించినట్టే పట్టి చూశారు. ఎన్నేళ్ళయిందో ఆయన అట్లా కిటికీ దగ్గర నిలబడి.

"సాయంత్రం దాంక ఆపుత" అన్నారు చివరికి. "కడుపు సంగతి ఆ పిల్ల నోటితోని రావాలె. నీ అనుమానం మీద నేను ఒక్క అక్షరం రాయ."

అడిక్‌మెట్‌లో

ల్యాబ్ మనిషి పేషెంటు ఇంటికి పోకూడదు. మీరూ పోకండి, అలవాటైతే మంచిది కాదు. నేను పోయాను. వాళ్ళిచ్చిన ఫోను కురుమయ్యది, అతని మాట ఫోనులో అర్థం కాదు. ఆటో ఎక్కి అడిక్‌మెట్ పోయి, సగం లేచిన అపార్ట్‌మెంట్ వెనక రేకుల గదులు వెతుక్కున్నాను.

ఎల్లమ్మ నన్ను చూడగానే కట్టెలపొయ్యి వదిలి లేచింది. మణెమ్మ గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కురుమయ్య గోడకు ఆనుకుని ఉన్నాడు. "మీరు జర బయట ఉండండన్నా" అంటే అర్థం చేసుకుని లేచి వెళ్ళిపోయాడు.

"ఎక్స్‌రే ఎందుకు వద్దనుకున్నావు మణెమ్మా?"

"టైం అయిపోయిందని వచ్చినం" అంది ఎల్లమ్మ.

"నేను మణెమ్మను అడుగుతున్నానమ్మా."

ఎల్లమ్మ నా మీదికి వచ్చినంత పని చేసింది. "ఎందుకడుగుతున్నవ్? నీకేం పని? రక్తం తీసుకున్నవ్, కాయితం ఇయ్యి. ఇంటిదాంక వచ్చి గివన్ని ఎందుకు కెలుకుతున్నవ్?"

"కాయితం తప్పు చెప్తుందేమోనని భయం" అన్నాను. "ఈ పిల్ల కడుపుతో లేకపోతే ఆ కాయితం కరెక్టు. ఉంటే మాత్రం అది తప్పు. వాళ్ళన్నకున్నదే ఈమెకూ ఉండొచ్చు. ఏ బాధా లేనప్పుడే మందు మొదలైతే ఆ చేతులు వణకవు."

ఎల్లమ్మ పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"రెండుసార్లు నిలబడ్డది మేడం. రెండుసార్లు నేనే సంబురపడి వాడకట్టంత చెప్పుకున్న. రెండుసార్లు పోయింది. ఎవరి కండ్లు పడ్డయో ఏమో. ఈసారి మూడు నెలలు నిండేదాంక నోరిప్పొద్దనుకున్నం. నా కొడుక్కు గూడ మొన్ననే చెప్పిన. ఎక్స్‌రే గదిల పోతే పిండానికి మంచిది గాదంటరు. పోవద్దంటే ఎందుకో చెప్పాలె. చెప్పొద్దు, పోవద్దు. ఇగ ఏం జేస్తం? ఉరికినం."

నాకు ఏడుపు, నవ్వు రెండూ ఒక్కసారే వచ్చాయి. మందు లేకుండా వదిలేసిన ఈ జబ్బులో కడుపులు తరచూ నిలవవని నాకు తెలుసు. దేన్ని కాపాడుకుందామని దాచిపెట్టారో, ఆ దాపరికమే దాన్ని మళ్ళీ పోగొట్టేలా ఉంది.

"కండ్లు కాకపోవచ్చమ్మా" అన్నాను. "ఒంట్లో రాగి వల్ల కూడా పోతాయి."

"మందులిచ్చి ఈ కడుపు తీసేస్తరా?" ఎల్లమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె భయమంతా అదే.

అట్లా చేయరని అనేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ నేను డాక్టర్ను కాను. "నాకు తెల్వదమ్మా. కడుపుతో ఉన్నవాళ్ళకు ఇచ్చే మందులు వేరే ఉన్నాయని విన్నాను. డాక్టరును అడుగుదాం, నేను కూడా వస్తా. కానీ మణెమ్మ చెప్పమంటేనే చెప్తాను. వద్దంటే ఇట్లే ఆటో ఎక్కి పోతా."

మణెమ్మ అప్పటిదాకా తలెత్తలేదు. చాట పక్కన పెట్టి, అత్త మొఖం ఒకసారి చూసింది.

"మూడో నెల మేడం. ఈ అయితారం నిండితది" అంది. "చెప్పుండ్రి."

ఆ తర్వాత

వామనరావు గారు నంబర్ కింద తన చేత్తో రాశారు. ఈమె గర్భిణి కాబట్టి ఈ నంబర్‌ను నార్మల్‌గా తీసుకోవద్దని, రాగి నిండిన ప్రోటీన్ బాగా తక్కువగా ఉన్నట్టు కనబడుతోందని, ఇంకా పరీక్షలు చేయించమని. సంతకం పెట్టి కాగితం నా వైపు తోస్తూ, "ఆ డబ్బా పారెయ్యలేదా నువ్వు? మొండిదానివి" అన్నారు. మరుసటి వారం నుంచి ఆ పరీక్ష మళ్ళీ మొదలైంది.

మణెమ్మ మూత్రంలో రాగి చూశారు, కంటి డాక్టరు నల్లగుడ్డు అంచున రాగి పేరుకుని వచ్చే గోధుమరంగు వలయం ఉందేమో చూశాడు. ఉంది. డాక్టరు కడుపుతో ఉన్నవాళ్ళకు సరిపడే మందు మొదలుపెట్టాడు. కడుపు తీయాలన్న మాటే రాలేదు. ఆ రోజు ఆస్పత్రి వరండాలోనే ఎల్లమ్మ కూలబడి ఏడ్చింది.

మిగిలిన నెలలు నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఇంటి ఫోను మోగితే నేనే ముందు ఎత్తేదాన్ని. మా ఆయన "నీ కోడలా ఏంటి?" అని ఆటపట్టించేవాడు. వామనరావు గారు పైకి ఏమీ అనరు గానీ, ఏదో ఒక ఫైలు అడిగే వంకతో పిలిచి "అడిక్‌మెట్ పిల్ల ఎట్లున్నది?" అనేవారు.

ఒక మధ్యాహ్నం కురుమయ్య ఫోన్ చేశాడు. అతని మాట ఫోనులో అర్థం కాదని చెప్పాను కదా. ఆ రోజు మెల్లగానే మాట్లాడాడు గానీ, మాట మాటా విడివిడిగా వినబడింది.

"మేడం. మేనకోడలు పుట్టింది."

అతని మందు కూడా పనిచేస్తోందన్నమాట. నాకు ఒకే మాటలో రెండు కబుర్లు అందాయి. ఫోన్ పెట్టేసి ల్యాబ్ అంతా స్వీట్లు పంచాను.

మీకు చెప్పదలచింది

మిషన్లను తిట్టను. చేతి వలయాల కాలం మళ్ళీ రావాలని కూడా కోరుకోను. కానీ నంబర్ ఒంటరిగా ఉంటే నమ్మకండి. ఆ నంబర్ ఏ మనిషిదో, ఆ మనిషి ఏ స్థితిలో ఉందో తెలిసేదాకా అది సగం మాటే. అడగాల్సింది అత్తల ముందు అడగకండి, పక్కకు పిలిచి అడగండి. మణెమ్మను నేను ఆ పొద్దున పక్కకు పిలిచి ఉంటే ఆటో ఖర్చు తప్పేదని వామనరావు గారు చాలాకాలం ఎత్తిపొడిచారు. ఆయన అన్నదీ నిజమే. స్టిక్కరు అంటించేటప్పుడు ట్యూబుకు ఒక వేలెడు గాజు వదిలేయండి. లోపలిది కాస్త కనబడనివ్వండి.

ఇంతవరకు రాసి ఆపేద్దామనుకున్నాను. నిన్న పొద్దున గంట మోగింది. తలుపు తీస్తే ఎల్లమ్మ. అడిక్‌మెట్ నుంచి అడ్రసు కనుక్కుంటూ వచ్చింది, నుదుటి మీద చెమట. లోపలికి రమ్మంటే రాలేదు. మంచినీళ్ళు తెస్తానంటే ఆగమంది. వెనక హాల్లో మా ఆయన పేపరు చదువుతుంటే, ఆయనకు వినబడకుండా నన్ను వరండాలోకి లాగి, చెవి దగ్గరికి వంగింది.

"మణెమ్మకు మళ్ల నిలబడ్డది మేడం. రొండో నెల. మందు ఆపలే, వేస్కుంటనే ఉన్నది" అంది. "ఇంక ఎవ్వరికి చెప్పలే. నా కొడుక్కు గూడ చెప్పలే. ముందుగాల నీకే చెప్తున్న."

నేను చెప్పులు వేసుకున్నాను. "డాక్టరు పది గంటలకు వస్తాడు, నడువు" అన్నాను.